చీటీ మీద లేని మొక్క పేరు

ఎండబెట్టిన మొక్కల్ని మందపాటి కాగితాలకు అతికించి, బీరువాల్లో దాచే చోటును హెర్బేరియం అంటారు. చూడగానే కళ్ళు మొక్క మీదికే పోతాయి. నేను మాత్రం ముందు కింది మూలన అంటించిన చీటీ చదువుతాను. దాని విలువేమిటో నాకు నేర్పింది అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రపు కిన్‌కెయిడ్ లూపిన్.

ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన అడవి మొక్క. ఆకు అచ్చం బూరుగాకులా వేళ్ళు చాపినట్టు ఉంటుంది. ఓరెగాన్‌లోని విలమెట్ లోయ గడ్డిమైదానాల్లో పెరుగుతుంది. పువ్వు లేత పసుపు, చాలాసార్లు నీలి ఛాయ తగిలి ఉంటుంది. దీన్ని పక్క లూపిన్ల నుంచి వేరుచేసే గుర్తు పువ్వు పై రెక్క, మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ధ్వజ దళం. దాని అంచు కుచ్చిళ్ళు పెట్టినట్టు ముడతలు పడి ఉంటుంది, వెనక్కి పెద్దగా వంగదు. కాగితాల మధ్య నొక్కి ఆరబెడితే ఆ వంపూ సరిగా తెలియదు, రంగూ వెలిసిపోతుంది. అందుకే పువ్వు తాజాగా ఉన్నప్పుడే రంగు చీటీ కోసం రాసుకోవాలి.

పేరు విషయంలోనూ పేచీయే. కొందరు దీన్ని ఒక లూపిన్ జాతిలో రకమన్నారు, కొందరు మరో జాతికి ఉపజాతి అన్నారు. అభిప్రాయం మారితే పాత చీటీ పీకేయరు. పక్కనే సంతకం, తేదీతో కొత్తది అంటిస్తారు.

ఊరికి దక్షిణాన నాలుగు మైళ్ళు అని పాత చీటీ మీద ఉందనుకోండి. ఎక్కడినుంచి కొలిచారు? ఏ దారిన వెళ్ళారు? ఇప్పుడు దాన్ని మ్యాపులో పెట్టేటప్పుడు ఎంత దూరం తేడా రావచ్చో కూడా రికార్డులో రాస్తారు.

చీటీ మీద ఒక్క మాట లేకపోతే ఎంత నష్టమో ఫెండర్స్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుకను చూస్తే తెలుస్తుంది. 1937 తర్వాత అది కనిపించలేదు. దాని గొంగళిపురుగు ఏ మొక్క తింటుందో పాత సేకరణల వల్ల స్పష్టంగా తెలియలేదు. దాంతో వెతికినవాళ్ళు ఆ చుట్టుపక్కల మామూలుగా దొరికే లూపిన్ల దగ్గరే వెతికారు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1989లో మళ్ళీ దొరికింది, అరుదైన కిన్‌కెయిడ్ లూపిన్ మీద! యాభై ఏళ్ళకు పైగా అది అక్కడే బతుకుతూ ఉంది.

2000లో మొక్కకూ, సీతాకోకచిలుకకూ చట్టరక్షణ దొరికింది. 2023లో సీతాకోకచిలుకను మరీ ప్రమాదంలో ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దించారు.