రైలు మీద ట్యాంకులు కనిపిస్తే యుద్ధమేనా? మిలిటరీ స్పెషల్ గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మళ్లీ ఒక వీడియో తిరిగింది. ఎవరో లెవెల్ క్రాసింగు దగ్గర నిలబడి తీశారు. తార్పాలిన్ కప్పిన ట్యాంకులు వ్యాగన్ల మీద ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. కింద "యుద్ధం ఖాయం, అందరికీ పంపండి" అని రాత. సాయంత్రానికి నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు చేసి, అందులో సగానికి పైగా బలగాల రైలు ప్రయాణాలు చూసే మూవ్‌మెంట్ కంట్రోల్‌లో గడిపి సుబేదారుగా ఇంటికి చేరినవాణ్ని. చుట్టుపక్కల ఊళ్లలో జవాన్ల అమ్మానాన్నలకు ఇలాంటప్పుడు గుర్తొచ్చేది నేనే. వాళ్లు అడగడంలో తప్పు లేదు. ఆ రాత రాసినవాడి మీదే నా కోపం.

బలగాలు రైలెక్కాయంటే యుద్ధం వచ్చినట్టే అన్నది అన్నిటికంటే ఖరీదైన అపోహ. నేను లోడింగు చేయించిన మిలిటరీ స్పెషళ్లలో, అంటే సైన్యం కోసం ప్రత్యేకంగా నడిపే రైళ్లలో, చాలా వరకు టర్నోవర్‌వి. రెండు మూడేళ్లకోసారి ఒక యూనిట్ మొత్తం వంటపాత్రలు, ట్రంకు పెట్టెలు, గుడిలోని దేవుడి పటాలతో సహా ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారుతుంది. కొన్ని రైళ్లు రాజస్థాన్‌లోని మహాజన్, పోఖ్రాన్ రేంజీలకు ఫైరింగు సాధన కోసం వెళ్లి, అది ముగియగానే తిరిగి వస్తాయి. చెన్నై దగ్గర ఆవడిలో ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తయారైనవి ఉత్తరాదికి చేరాలి కదా! గ్రాండ్ ట్రంక్ లైను మన నేల మీదుగానే పోతుంది. కొత్త ట్యాంకు డ్యూటీలో చేరడానికి వెళ్తుంటే, దాన్ని చూసి ఇక్కడ ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాంటి వీడియో చూసి కొడుకు పెళ్లి వాయిదా వేసుకుంది. అబ్బాయి ఫోను రెండు రోజులు కలవలేదు, అంతే. కల్యాణమండపం అడ్వాన్సు పోయింది, వంటవాళ్లకు ఇచ్చింది పోయింది, అమ్మాయి తరఫువాళ్లతో మాటామాటా పెరిగింది. ఇంతకూ అబ్బాయి ఎక్కిన స్పెషల్ ఏదో చిన్న స్టేషన్‌లో లూప్ లైను మీద, అంటే బండ్లను పక్కకు ఆపే లైను మీద, ఆగి ఉంది. ఎక్స్‌ప్రెస్‌లన్నీ పోయాక గానీ దానికి దారి ఇవ్వరు. కదలికలు బయటకు పొక్కకూడదని ఫోన్లు వాడొద్దని చెబుతారు. ఫోను కలవకపోవడమంటే ప్రమాదమని కాదమ్మా, మీ అబ్బాయి చెప్పిన మాట వింటున్నాడని అర్థం. పెళ్లి తరువాత జరిగింది లెండి, మండపం మాత్రం మారింది.

నిజంగా యుద్ధమేఘాలు కమ్మిన కాలమూ చూశాను. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగిన తరువాత ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. అప్పుడు నేను కొత్త సిపాయిని. దేశం నడిబొడ్డున ఉన్న స్ట్రైక్ కోర్లు, అంటే దాడికి సిద్ధం చేసిన పెద్ద సైనిక దళాలు, సరిహద్దు చేరుకోవడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. దేశమంతా ఒకే పని మీద ఉన్నా మూడు వారాలు! సైన్యం అడిగితే చాలు, రైలు వచ్చి నిలబడుతుందనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ముందు సరైన రకం ఖాళీ వ్యాగన్లు దొరకాలి. అవి వందల కిలోమీటర్ల దూరం నుంచి రావాలి. ర్యాంపు ఉన్న సైడింగు, అంటే సరుకు ఎక్కించే పక్క లైను, ఖాళీగా ఉండాలి. మామూలు సరుకుకు రైల్వే ఒప్పుకునే వెడల్పు 3.25 మీటర్లు. ట్యాంకు దాన్ని దాటిపోతుంది. కాబట్టి ఏ దారిలో, ఏ వేగంతో, పక్క లైనులో బండి ఉంటే ఏం చేయాలో ముందే తేల్చుకుని అనుమతి తీసుకోవాలి.

ఎక్కించడం మరో యజ్ఞం. ట్యాంకును రైలు చివరి ర్యాంపు మీదుగా ఎక్కించి, ఒక వ్యాగన్ మీది నుంచి ఇంకో వ్యాగన్ మీదికి నడిపిస్తూ ముందు దాకా తీసుకెళ్లాలి. డ్రైవరుకు ట్యాంకు ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీ) అంచు కనిపించదు. ముందు ఒకడు వెనక్కి నడుస్తూ రెండు చేతులతో సైగలు చేస్తుంటే ఆ చేతులనే నమ్ముకుని అంగుళం అంగుళం జరపాలి. ఆ తరువాత గొట్టం తిప్పి బిగించడం, ట్రాక్‌ల కింద చెక్క దిమ్మలు కొట్టడం, ఇనుప తీగతో లాషింగు, అంటే వ్యాగన్‌కు కట్టేయడం. చలికాలం రాత్రి ఆ తీగ మెలితిప్పితే అరచేతులు చీరుకుపోతాయి. ఒకసారి తార్పాలిన్ సర్దుదామని ఒక కుర్రాడు లారీ పైకప్పు ఎక్కబోయాడు. పైన 25,000 వోల్టుల తీగ. నేను వేసిన కేకకు స్టేషన్ అంతా తిరిగి చూసింది. వాడు దిగాక చెంప పగలగొడదామనుకున్నాను గానీ నా చేతులే వణుకుతున్నాయి.

మరి విమానాల్లో పంపేయవచ్చు కదా అంటారు. పంపుతారు. 2020లో గల్వాన్ ఘటన తరువాత తూర్పు లద్దాఖ్‌కు 68 వేల మందికి పైగా జవాన్లను వాయుసేన చేరవేసింది. కానీ సీ-17 లాంటి పెద్ద విమానంలో కూడా పట్టేది ఒక్క ట్యాంకు. ఒక ట్యాంకుల రెజిమెంటులో ఉండేవి 45. ఇక మనిషి లేహ్‌లో దిగిన మర్నాడే కొండెక్కి కాపలా కాయడు. గాలి పలచబడిన చోట ఒళ్లు అలవాటు పడాలి. మొదట ఆరు రోజులు, ఇంకా పైకి వెళ్లేకొద్దీ నాలుగేసి రోజుల చొప్పున రెండు విడతలు. ఈ రోజులు తగ్గిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గట్టి మనుషులు కూడా పోతారు. కాబట్టి "మా వాడు లేహ్ వెళ్లాడు, వారమైనా ఊరికే కూర్చోబెట్టారు" అని దిగులు పడకండి. ఆ కూర్చోబెట్టడం కూడా డ్యూటీయే.

చేతిలో సైన్యం ఇచ్చే రైలు ప్రయాణ వారంటు ఉంటే బెర్తు ఉన్నట్టే అని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కాదు. వారంటు ఛార్జీకి బదులు, సీటుకు కాదు. రిజర్వేషన్ వేరే చేయించుకోవాలి. సెలవు రాగానే చేయించుకోండి, బయల్దేరే రోజున స్టేషన్‌లోని ఎంసీఓ (మూవ్‌మెంట్ కంట్రోల్ ఆఫీసు) కిటికీ దగ్గర బతిమాలకండి.

వీడియోల సంగతి. 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార, ప్రసార శాఖ రక్షణ బలగాల కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని మీడియాకు సూచన ఇచ్చింది. టీవీ వాళ్లకు వర్తించింది మన చేతిలోని ఫోనుకు వర్తించదా? వ్యాగన్ల సంఖ్య, స్టేషన్ బోర్డు, సమయం అన్నీ ఒక్క నిమిషం వీడియోలో దొరికిపోతాయి. అందులో కూర్చున్నది ఎవరి కొడుకో కాదు, ఒక్కోసారి వీడియో పంపినవాడి బావమరిదే.

ఆ రోజు వచ్చిన పదకొండో ఫోను పక్క ఊరి పెద్దాయనది. యుద్ధం గురించి అడగలేదు. "సుబేదారు గారూ, ఆ బండి మన స్టేషన్‌లో ఆగుతుందా? గోంగూర పచ్చడి పెట్టింది మా ఆవిడ" అన్నాడు. ఆ బండిలో వాళ్లబ్బాయి ఉన్నాడో లేడో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఎక్కడ ఆగేదీ రైల్వే కంట్రోల్ వాళ్లు అప్పటికప్పుడు చెబుతారనీ, లోపలే వంటపెట్టె ఉంటుందనీ, తిండికి లోటు ఉండదనీ చెప్పాను. అయినా సాయంత్రం సైకిలు మీద వచ్చి సీసా మా అరుగు మీద పెట్టి వెళ్లాడు.