కొన్న గేమ్ ఏ స్టోర్‌లో ఉంది? చెదిరిన లైబ్రరీల వెనక కథ

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు, బీటీఎం వైపు పీజీల్లో, అద్దె ఫ్లాట్లలో ఉండే తెలుగు కుర్రాళ్ల ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే గడియారం పక్కన చిన్న బొమ్మలు బారులు తీరి ఉంటాయి. స్టీమ్, ఎపిక్, జీఓజీ, యుబిసాఫ్ట్ కనెక్ట్, ఈఏ యాప్, ఎక్స్‌బాక్స్. అన్నీ కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్లే. ప్రతిదానికీ ఒక ఖాతా, ఒక పాస్‌వర్డు, మెయిల్‌కో ఫోన్‌కో వచ్చే ఒక కోడ్. సేల్ వచ్చిందంటే మొదలయ్యే టెన్షన్ ఒకటే: ఈ గేమ్ నా దగ్గర ఇప్పటికే ఉందా? ఉంటే ఎక్కడ? ఎపిక్ ఫ్రీగా ఇచ్చినప్పుడు తీసుకుని, ఆ సంగతి మరిచిపోయి, స్టీమ్‌లో డబ్బులు పెట్టి మళ్లీ కొన్నవాళ్లు తక్కువేం కాదు.

దీన్ని కొన్నవాళ్ల బద్ధకం కింద కొట్టిపారేయొచ్చు. కానీ లైబ్రరీ ఇలా ముక్కలవడంలో ఆడేవాళ్ల పాత్ర చాలా తక్కువ. ఒక్కో స్టోరూ ఒక్కో తగువులోంచి పుట్టింది. తగువులు కంపెనీలవి, సర్దుకునే పని మనది.

సీడీల కాలం నుంచి

2003కు ముందు గేమ్ అంటే చేతికి అందే వస్తువు. బెంగళూరులో ఒరిజినల్ కావాలంటే పెద్ద పుస్తకాల షాపులకో మ్యూజిక్ షాపులకో వెళ్లాలి. నిజం చెప్పాలంటే జనం ఎక్కువగా వెళ్లింది మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లో కాపీ సీడీల కోసమే. ఎస్పీ రోడ్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటే షాపతనే రెండు మూడు గేములు ఎక్కించి ఇచ్చేవాడు. బిల్లు లేదు, ఖాతా లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. సీడీ మీద గీత పడితే మాత్రం అంతే సంగతులు.

అమెరికాలో వాల్వ్ అనే కంపెనీకి అప్పట్లో వేరే తలనొప్పి ఉండేది. తన కౌంటర్ స్ట్రైక్ గేమ్‌కి కొత్త ప్యాచ్ (సవరణ) వదిలిన ప్రతిసారీ ఆడేవాళ్లలో చాలామంది పాత వెర్షన్‌లోనే ఉండిపోయి రోజుల తరబడి ఆటకు దూరమయ్యేవాళ్లు. దానికి తోడు చీటింగ్, పైరసీ. అందరి కంప్యూటర్లలోనూ కూర్చుని తనంతట తానే అప్‌డేట్ చేసే ప్రోగ్రాం ఒకటి ఉంటే మూడింటి పనీ పట్టొచ్చనుకున్నారు. 2003 సెప్టెంబరు 12న స్టీమ్ అలా వచ్చింది. వేరే కంపెనీల గేములు అమ్మే దుకాణంగా మారింది 2005 నుంచి.

అసలు గొడవ 2004 నవంబరు 16న హాఫ్ లైఫ్ 2 విడుదలతో మొదలైంది. షాపులో అయిదు సీడీల పెట్టె కొన్నవాడు కూడా స్టీమ్ ఖాతా తెరిచి, నెట్‌కి కనెక్ట్ అయి, గేమ్‌ని అన్‌లాక్ చేసుకోవాల్సి వచ్చింది. మొదటి రోజు సర్వర్లు మొరాయించాయి, వేగంగా నెట్ ఉన్న దేశాల్లోనే జనం తిట్టుకున్నారు. మన సంగతి చెప్పక్కర్లేదు. 2004లో కేంద్రం తెచ్చిన విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. ఆ లెక్కన ఒక జీబీ దిగాలంటే ఎక్కడా ఆగకుండా దాదాపు తొమ్మిది గంటలు. నెలకు ఇన్ని ఎంబీలని పరిమితి మళ్లీ వేరు. బీఎస్ఎన్ఎల్‌లో అర్ధరాత్రి దాటాక రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా వాడుకున్నది లెక్కలోకి రాని ప్లాన్ ఉండేది. అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ మొదలుపెట్టి మళ్లీ పడుకున్న తరం అది.

అందుకే మన దగ్గర డిస్కుల కాలం ఆలస్యంగా ముగిసింది. 2015లో జీటీఏ 5 పీసీకి వచ్చినప్పుడు ఏడు డీవీడీల పెట్టె కొన్నవాళ్లు డౌన్‌లోడ్ తప్పించుకోవడానికే కొన్నారు. ఆ పెట్టెలో విలువైనది మాత్రం ఒక కాగితం మీద ముద్రించిన కీ, అంటే గేమ్‌ని తెరిచే కోడ్. దాన్ని గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ ఖాతాకు కలిపేశాక ఏడు డిస్కులు పోయినా గేమ్ ఉంటుంది. ఖాతా పోతే డిస్కులు ఎన్నున్నా లాభం లేదు.

రూపాయల్లో ధరలు స్టీమ్‌లోకి వచ్చింది కూడా 2015 నవంబరులోనే. అంతకుముందు డాలర్లలో, విదేశీ లావాదేవీలకు పనికొచ్చే కార్డుతో కొనాలి. కాలేజీ పిల్లాడి దగ్గర అలాంటి కార్డు ఎక్కడుంటుంది? నాన్న కార్డో, అన్నయ్య కార్డో, లేదంటే అమెరికాలో ఉన్న కజిన్ పంపే గిఫ్టో. ఇది పాత ముచ్చటలా అనిపించవచ్చు కానీ దీని ఫలితం ఇప్పటికీ ఉంది. ఇంటర్‌లో తెరిచిన మెయిల్ ఐడీతో ఖాతా, ఎప్పుడో రద్దయిన కార్డుతో మొదటి కొనుగోలు. ఇవాళ యూపీఐతో క్షణంలో కొంటున్నాం. అయినా ఖాతా ఎవరైనా కొట్టేస్తే సపోర్టు వాళ్లు మొదట అడిగేది పాత మెయిల్, పాత పేమెంటు వివరాలు, పెట్టెలో వచ్చిన కీ ఫొటో. లైబ్రరీ మొత్తాన్ని ఒక వరసలో పెట్టాలనుకునేవాళ్లు గేముల జాబితా కంటే ముందు ఆ మెయిల్ ఇంకా తెరుచుకుంటోందో లేదో చూసుకోవడం మేలు.

వెయ్యిలో మూడు వందలు

మిగతా స్టోర్లు ఎందుకొచ్చాయో అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క చాలు. వెయ్యి రూపాయల గేమ్ అమ్మితే స్టీమ్ మూడు వందలు ఉంచుకుంటుంది. ఏటా కోట్ల కాపీలు అమ్మే కంపెనీకి ఈ ముప్ఫై శాతం కళ్ల ముందే కనిపిస్తుంది. 2011లో ఈఏ సొంతంగా ఆరిజిన్ (ఇప్పటి ఈఏ యాప్) పెట్టి కొత్త గేములను అక్కడికి తీసుకెళ్లింది. యుబిసాఫ్ట్ యూప్లే (ఇప్పటి యుబిసాఫ్ట్ కనెక్ట్) అంది. 2007లోనే మైక్రోసాఫ్ట్ గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అంటూ ఒకటి తెచ్చింది. దాని గురించి ఎవరూ మంచిగా చెప్పుకోగా వినలేదు, 2013లో అందులో అంగడి మూసేశారు.

2018 డిసెంబరులో ఎపిక్ వచ్చి పన్నెండు శాతమే తీసుకుంటామంది. వెయ్యిలో నూట ఇరవై. అంతకు కొద్ది రోజుల ముందే స్టీమ్ కూడా మెట్టు దిగింది, కానీ అది పెద్దవాళ్లకే. ఒక గేమ్ అమ్మకం కోటి డాలర్లు దాటితే పైదాని మీద 25 శాతం, అయిదు కోట్లు దాటితే 20. చిన్న స్టూడియోలకు పాత ముప్ఫైయే. ఎపిక్ అక్కడితో ఆగకుండా కొన్ని గేములను కొంతకాలం తన దగ్గరే అమ్మేలా ఒప్పందాలు చేసుకుంది. మెట్రో ఎక్సోడస్‌ని 2019 జనవరిలో, విడుదలకు వారాల ముందు స్టీమ్ అమ్మకాల నుంచి తప్పించారు. అప్పటికే స్టీమ్‌లో కొన్నవాళ్లకు అక్కడే ఇచ్చారు, మిగతావాళ్లు ఎపిక్‌కి వెళ్లాలి. ఒకే గదిలో ఇద్దరు స్నేహితుల దగ్గర ఒకే గేమ్ రెండు చోట్ల ఉండటం ఇలాగే మొదలైంది.

జనాన్ని నిజంగా లాగింది మాత్రం ఫ్రీ గేములు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ మధ్యలో, జీటీఏ 5 ఉచితమనగానే ఎపిక్ సైటే కుప్పకూలింది. ఆడే ఉద్దేశం ఉన్నా లేకున్నా తీసి పెట్టుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. ఇవాళ చాలామంది ఎపిక్ లైబ్రరీలో వందల గేములుంటే ఒక్కసారైనా తెరిచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వెళ్లినవాళ్లు తర్వాత వెనక్కి కూడా వచ్చారు. ఈఏ 2019లో, యుబిసాఫ్ట్ 2022 చివర్లో మళ్లీ స్టీమ్‌లో కొత్త గేములు పెట్టాయి. తగువు సద్దుమణిగింది కదా, ఇక లాంచర్, అంటే గేమ్‌ని తెరిచే ఆ కంపెనీ సొంత ప్రోగ్రాం, పోతుందనుకుంటే పోలేదు. స్టీమ్‌లో కొని, స్టీమ్‌లో ప్లే నొక్కితే యుబిసాఫ్ట్ లాంచర్ తెరుచుకుని ఇంకో లాగిన్ అడుగుతుంది. రాక్‌స్టార్ కూడా 2019లోనే సొంత లాంచర్ దింపింది. అదే ఏడాది ఆ కంపెనీ బెంగళూరులో 1997 నుంచి నడుస్తున్న ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ స్టూడియోని కొనేసింది. ఏ గేములను ఏ లాంచర్‌లో వెతుక్కోవాలో తెలియక జుట్టు పీక్కుంటున్నామో, వాటి పనిలో కొంత ఈ ఊళ్లోనే జరుగుతోందన్నమాట.

జీఓజీది పూర్తిగా వేరే తగువు. 2008లో స్పోర్ అనే గేమ్‌ని డబ్బులిచ్చి కొన్నవాడికి మొదట మూడు యాక్టివేషన్లే ఇచ్చారు, అంటే మూడు కంప్యూటర్లకు మించి ఎక్కించుకోలేడు. కాపీ ఆడినవాడికి ఆ బాధే లేదు. సరిగ్గా ఆ ఏడాదే పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ ఏ తాళమూ లేకుండా పాత గేములు అమ్మే జీఓజీని తెరిచింది. ఆ కంపెనీ వ్యవస్థాపకులు మొదలైందే వార్సా బజార్లో సీడీలు అమ్ముకుంటూ. కాపీ సీడీలు ఏలుతున్న ఆ దేశంలో 1999లో బాల్డర్స్ గేట్‌ని పోలిష్ గొంతులతో, పెట్టె నిండా అదనపు వస్తువులతో అమ్మి, ఒరిజినల్ కొంటే ఎక్కువ దక్కుతుందని చూపించారు. నేషనల్ మార్కెట్ చూసినవాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. మన దగ్గర అలాంటి ప్రయత్నం పెద్దగా కనిపించలేదు.

దుకాణం మూసేస్తే?

ఈ భయం బెంగళూరుకు కొత్త కాదు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరుతో పాటలు అమ్మే స్టోర్ తెరిచింది. ఏడాదిన్నర కూడా తిరక్కుండా, 2013 జూన్‌లో అమ్మకాలు ఆపేసింది. కొన్న పాటలను ఆగస్టు 18 లోపు దించుకోమంది. అవి తాళం లేని ఎంపీ3లు కాబట్టి దించుకున్నవాళ్ల దగ్గర ఇప్పటికీ మోగుతాయి.

గేముల్లో అంత సుఖం అందరికీ దక్కలేదు. బెథెస్డా అనే గేమ్ కంపెనీ తన లాంచర్‌ని 2022 మే నెలలో మూసేసినప్పుడు కొన్నవాటిని స్టీమ్‌కి మార్చుకునే దారి ఇచ్చింది. మర్యాదగా మూసేయడం అంటే అలా ఉండాలి. యుబిసాఫ్ట్ వారి ది క్రూ గేమ్ 2014లో వచ్చింది, ఒంటరిగా ఆడాలన్నా సర్వర్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అంతే, ఎక్కడ కొన్నవాడికైనా ఆట లేదు. ఆ కోపంలోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం పుట్టి, 2025 జులై నాటికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు సేకరించింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలైన చట్టం ప్రకారం, అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ మాట కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ బిల్లు కట్టే పేజీలో ఇప్పుడు ఆ వాక్యం కనిపించేది అందుకే. శాశ్వతంగా దించుకుని నెట్ లేకుండా వాడుకోగలిగిన వాటికి ఆ నిబంధన వర్తించదు. మన దేశంలో 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చినా దాని గురి డబ్బులు పెట్టి ఆడే ఆటల మీదే. కొన్న గేమ్ రేపు మాయమైతే ఎవరిది బాధ్యత అన్న దాని జోలికి అది పోలేదు.

జాబితా ఒకటైంది, అంతవరకే

ఇంత చెత్త పేరుకున్నాక ఊడ్చే చీపురు రావడం సహజం. జీఓజీ 2019లో గెలాక్సీ 2.0 తెచ్చింది, అన్ని స్టోర్ల గేములనూ ఒకే తెర మీద చూపించడం దాని ఉద్దేశం. అయితే ఒక్కో స్టోర్‌ని అందులో కలిపే ప్లగిన్లలో (చిన్న ప్రోగ్రాముల్లో) ఎక్కువ భాగం అభిమానులు తీరిక వేళల్లో రాసినవి. ఏ స్టోరైనా లాగిన్ పద్ధతి మారిస్తే తెగిపోతాయి, మళ్లీ ఎవరో కూర్చుని బాగుచేయాలి. ఉచితంగా దొరికే ప్లేనైట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఈ పనిని ఇంకా ఓపిగ్గా చేస్తుంది. ఎన్ని గంటలు ఆడారు, ఏది పూర్తయింది, ఏది పక్కన పడేశారు, అన్నీ రాసి పెట్టుకోవచ్చు. నా లెక్కలో సేల్ రోజున అది ఆదా చేసే డబ్బు చాలు, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవడానికి.

కానీ ప్లేనైట్‌లో ప్లే నొక్కినా చాలా గేములకు వెనక ఆ స్టోర్ లాంచరే లేవాలి. ఒకే గేమ్ రెండు చోట్ల ఉంటే రెండు బొమ్మలు కనిపిస్తాయి. ఎపిక్‌లో ఉన్న గేమ్‌ని స్టీమ్‌కి మార్చుకునే వీలు ఇలాంటి ఏ ప్రోగ్రామూ ఇవ్వలేదు, ఎందుకంటే హక్కు స్టోర్ దగ్గర ఉంది. 2016లో జీఓజీ కొన్ని స్టీమ్ గేములకు తన దగ్గర ఉచితంగా రెండో కాపీ ఇచ్చే పద్ధతి పెట్టింది. ప్రచురణకర్తలు ఒప్పుకున్న కొద్ది గేములకే అది పరిమితమై, తర్వాత ఆగిపోయింది.

ఇక పంచుకోవడం. రూమ్‌మేట్స్ మధ్య పాస్‌వర్డులు ఇచ్చిపుచ్చుకోవడం పీజీల్లో మామూలే, స్టోర్ల నిబంధనలు మాత్రం ఒప్పుకోవు. 2024 సెప్టెంబరులో అందరికీ వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌తో ఆరుగురి దాకా ఒక కుటుంబంగా చేరి లైబ్రరీలు కలుపుకోవచ్చు. పాత పద్ధతిలో ఒకరు ఆడుతుంటే ఆ లైబ్రరీ మొత్తం ఇంకొకరికి మూతపడేది, ఇప్పుడు వేర్వేరు గేములైతే ఒకేసారి ఆడొచ్చు. అయితే స్టీమ్ దృష్టిలో ఇది ఒకే ఇంట్లో ఉండే కుటుంబం కోసం. ఇంకో ఖాతా, ఇంకో లాంచర్ అడిగే గేములు ఇందులోకి సాధారణంగా రావు, కాబట్టి పాత తగువుల గోడలు ఇక్కడా అడ్డమే. మీ కాపీతో ఇంకొకడు ఆడుతూ చీటింగ్ చేసి దొరికితే ఆ గేమ్‌లో నిషేధం మీకూ పడుతుంది.

అన్నిటికంటే చిక్కు గడువుది. ఒక ఫ్యామిలీలోంచి బయటికొచ్చినవాడు ఇంకోదాంట్లో చేరాలంటే, మొదటిదాంట్లో చేరిన రోజు నుంచి ఏడాది నిండాలి. ఖాళీ అయిన చోటు కూడా ఏడాది దాకా తెరుచుకోదు. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని ఇల్లు మారే ఊళ్లో, మధ్యలో ఒకడు ఎంఎస్‌కి అమెరికా వెళ్లిపోయే గదుల్లో, ఎవరిని చేర్చుకోవాలో ముందే మాట్లాడుకోవాలి. ఊళ్లో చదువుకుంటున్న తమ్ముడి కోసం ఒక చోటు ఉంచుకుని, రూమ్‌మేట్‌కి ఆడాలనిపిస్తే తన ల్యాప్‌టాపే చేతికిచ్చేవాళ్లు ఎక్కువమంది.