జంట సి సెక్షన్లు: స్క్రూల మధ్య దూరం ఎందుకు ముఖ్యం?

రేణిగుంట వైపు గోడౌన్లలోనూ, తిరుపతిలో మేడల మీద వేసే రేకుల షెడ్లలోనూ భారం ఎక్కువ పడే చోట రెండు సి సెక్షన్లను (ఇంగ్లిష్ C ఆకారంలో మడిచిన ఉక్కు రేకు కడ్డీలను) వీపులు ఆనించి స్క్రూలతో బిగించి స్తంభాలుగా వాడటం మామూలే. రెండు కలిపాం కాబట్టి బలం దానంతటదే వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. స్క్రూ ఎంతెంత దూరంలో పడిందో అడిగేవాళ్లు తక్కువ. నా టెన్షన్ అంతా దాని గురించే.

వేడి చేయకుండా పల్చటి రేకును మడిచి తయారుచేసే ఈ సెక్షన్లకు మొదట్లో సరైన లెక్కే లేదు. మందపాటి ఉక్కు దూలాల సూత్రాలు వీటికి సరిపోవు. ఒత్తిడి పడగానే పల్చటి రేకు అలలుగా ఉబ్బుతుంది. అలా ఉబ్బినా అంచులు భారాన్ని మోస్తూనే ఉంటాయి. ఆ మోసే వెడల్పును లెక్కగట్టే దారిని 1932లో ఇంజనీరు వాన్ కార్మన్ చూపించారు. 1939 నుంచి అమెరికా ఉక్కు పరిశ్రమ సాయంతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ వింటర్ ప్రయోగాలు చేసి, దాన్ని వాడకానికి పనికొచ్చేలా సరిదిద్దారు. 1946లో అమెరికాలో ఈ సెక్షన్లకు మొదటి నిబంధనలు వచ్చాయి. మన ఐ.ఎస్. 801 ప్రమాణం 1975 నాటి రూపమూ ఆ బాటలోదే.

జంట సెక్షన్ల సంగతి వేరు. ఒంటరి సి సెక్షన్ భారం పడితే మెలితిరుగుతుంది. వీపులు ఆనించి రెండింటిని కలిపితే ఆ బెడద బాగా తగ్గుతుంది. కానీ రెండూ ఒక్కటిగా వంగాలి. ఒకే మందం ఉన్న రెండు పట్టీలను జారకుండా అతికిస్తే, విడివిడిగా పేర్చినప్పటికంటే నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తాయి. స్క్రూలు పూర్తి అతుకు కావు, కొంత జారుడు ఉంటుంది. అందుకే 2001 ఉత్తర అమెరికా నిబంధనల్లో, మందపాటి ఉక్కు పరిశోధనల నుంచి తెచ్చిన ఒక సవరణ చేరింది. స్క్రూల మధ్య దూరం పెరిగేకొద్దీ స్తంభాన్ని మరింత సన్ననిదిగా లెక్కించాలి. రెండు స్క్రూల మధ్య ఒక్కో సెక్షన్ సన్నదనం (అడ్డకొలతతో పోలిస్తే పొడవు ఎన్ని రెట్లో చెప్పే లెక్క), మొత్తం స్తంభం సన్నదనంలో సగం దాటకూడదు. సరిగ్గా ఆ హద్దు మీదే ఉంటే, స్తంభం వంగిపోయే ఒత్తిడి లెక్కలో 20 శాతం తగ్గుతుంది.

అసలు జాగ్రత్త కొసల దగ్గర. స్తంభం వంగేటప్పుడు రెండు సెక్షన్లూ ఒకదానిమీద ఒకటి ఎక్కువగా జారాలని చూసేది కొసల్లోనే. అందుకే అక్కడ వెల్డింగో, దగ్గర దగ్గరగా స్క్రూలో ఉండాలని అవే నిబంధనలు చెబుతాయి. షెడ్డు వేయించుకునేవాళ్లు డ్రాయింగులో కొసల స్క్రూలనూ మధ్య స్క్రూలనూ వేర్వేరుగా చూపించమని అడగాలి.