మిస్ కాలిఫోర్నియా జవాబు వెనుక పదహారేళ్ల పోరు

2009 ఏప్రిల్ 19 రాత్రి లాస్ వేగాస్‌లో మిస్ యూఎస్ఏ పోటీ చివరి అంకానికి చేరినప్పుడు, మిస్ కాలిఫోర్నియా క్యారీ ప్రెజాన్‌ను ప్రశ్నించే వంతు న్యాయనిర్ణేతల్లో ఒకరైన పెరెజ్ హిల్టన్‌కు వచ్చింది. స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేసిన నాలుగో రాష్ట్రంగా వెర్మాంట్ ఇటీవలే నిలిచిందనీ, మిగతా రాష్ట్రాలన్నీ అదే బాట పట్టాలో వద్దో కారణంతో సహా చెప్పాలనీ ఆయన అడిగారు. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదంటూనే, పెళ్లి ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్యే జరగాలన్నది తన నమ్మకమనీ, తాను పెరిగిన తీరు అదనీ ఆమె బదులిచ్చారు. కిరీటం నార్త్ కరోలినాకు చెందిన క్రిస్టెన్ డాల్టన్‌కు దక్కింది. ప్రెజాన్ రెండో స్థానంలో నిలిచారు. (తెలుగు కుటుంబానికి చెందిన నీనా దావులూరి 2013లో గెలుచుకున్న మిస్ అమెరికా కిరీటం వేరే పోటీది.)

ఆ జవాబులో అందరూ పట్టుకున్నది రెండో సగాన్ని. నాకు మాత్రం మొదటి సగమే ముఖ్యమనిపిస్తుంది. స్వలింగ వివాహమో, 'వ్యతిరేక వివాహమో' ఏది కావాలంటే అది ఎంచుకోగల దేశంలో మనం బతుకుతున్నామని ఆమె మొదలుపెట్టారు. స్త్రీ పురుషుల పెళ్లికి ఆమె అప్పటికప్పుడు పెట్టిన ఆ పేరు చాలాకాలం ఎగతాళికి గురైంది గానీ, ఎంచుకునే వీలుందన్న మాటలోని పొరపాటును పట్టించుకున్నవారు తక్కువ. ఆ రాత్రికి 50 రాష్ట్రాల్లో స్వలింగ జంటకు పెళ్లి లైసెన్సు ఇస్తున్నవి మసాచుసెట్స్, కనెక్టికట్ రెండే. ఐయోవాలో ఏప్రిల్ 27 నుంచి, వెర్మాంట్‌లో సెప్టెంబర్ 1 నుంచి మాత్రమే ఆ అవకాశం రానుంది. ఇక ఆమె సొంత రాష్ట్రంలోనైతే, ఉన్న హక్కును ఐదు నెలల క్రితమే ఓట్లతో తీసేశారు.

ఈ వివాదం కోర్టులో గట్టిగా మొదలైంది 1993లో. వివాహాన్ని స్త్రీ పురుషులకే పరిమితం చేయడం వివక్ష కాదని ప్రభుత్వమే రుజువు చేసుకోవాలని హవాయి సుప్రీంకోర్టు ఆ ఏడాది చెప్పింది. అక్కడ పెళ్లిళ్లు జరగకముందే దేశమంతా బెదిరినట్టయి, 1996లో అమెరికా చట్టసభ కాంగ్రెస్, పెళ్లిని స్త్రీ పురుషుల బంధంగానే గుర్తించే వివాహ రక్షణ చట్టం తెచ్చింది; అధ్యక్షుడు బిల్ క్లింటన్ దానిపై సంతకం చేశారు. 2004 మే 17న మసాచుసెట్స్‌లో తొలి చట్టబద్ధ వివాహాలు జరిగాయి. అంతకు మూడు నెలల ముందు శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ గావిన్ న్యూసమ్ రాష్ట్ర చట్టాన్ని కాదని లైసెన్సులు ఇప్పించగా, సుమారు 4,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి. ఆగస్టులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వాటన్నిటినీ చెల్లవని కొట్టేసింది.

ఆ 4,000 జంటల్లో మొదటిది డెల్ మార్టిన్, ఫిలిస్ లియాన్‌లది. అప్పటికే వారు 50 ఏళ్లకు పైగా కలిసి ఉన్నారు. 2008 మేలో అదే కోర్టు స్వలింగ వివాహాలకు అనుమతినిచ్చాక, జూన్ 16న మళ్లీ వారిద్దరికే శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలి పెళ్లి జరిగింది. 87 ఏళ్ల మార్టిన్ చక్రాల కుర్చీలో వచ్చారు. ఇద్దరూ మొదటి పెళ్లినాటి దుస్తులే వేసుకున్నారు. ఆగస్టు 27న మార్టిన్ కన్నుమూశారు. నవంబర్ 4న కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు వచ్చిన ప్రతిపాదన 8 సుమారు 52 శాతం ఓట్లతో నెగ్గి, స్త్రీ పురుషుల మధ్య వివాహం మాత్రమే చెల్లుతుందన్న వాక్యాన్ని రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కించింది. ఇరుపక్షాలూ కలిపి ఆ ప్రచారంపై 8 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. అప్పటికి పెళ్లయిన దాదాపు 18,000 జంటల గతి ఏమిటన్నది, లాస్ వేగాస్ వేదికపై ఆ ప్రశ్న అడిగే నాటికి, కోర్టులోనే ఉంది.

ఆ పచ్చి గాయం మీద పడింది కాబట్టే జవాబు అంత మంట పుట్టించింది. నిజానికి అది అరుదైన అభిప్రాయమేమీ కాదు. 2009 గ్యాలప్ సర్వేలో 57 శాతం మంది స్వలింగ వివాహాలను వ్యతిరేకించగా, 40 శాతం సమర్థించారు. అధ్యక్షుడు ఒబామా కూడా 2008 ఎన్నికల ప్రచారంలో వివాహమంటే స్త్రీ పురుషుల బంధమనే చెప్పారు. పోటీ నిర్వాహక సంస్థ సహ యజమాని డొనాల్డ్ ట్రంప్ మే 12న మిస్ కాలిఫోర్నియా కిరీటం ప్రెజాన్‌కే ఉంటుందని ప్రకటిస్తూ ఈ పోలికనే ఎత్తిచూపారు. పోటీ ముగిసిన వెంటనే హిల్టన్ వీడియోలో ఆమెను బూతుమాటతో తిట్టడం క్షమించరానిది. 21 ఏళ్ల యువతిని అలా తిట్టడంతో సానుభూతి అంతా ఆమె వైపు మళ్లింది, హక్కు కోల్పోయిన జంటల మాట మరుగున పడింది. ఒప్పంద ఉల్లంఘనల కారణం చూపి జూన్‌లో నిర్వాహకులు ఆమెను తొలగించారు; ఇరువైపులా వేసుకున్న దావాలు నవంబర్‌లో రాజీతో ముగిశాయి.

ప్రతిపాదన 8ను సమర్థిస్తూనే ఆ 18,000 పెళ్లిళ్లు చెల్లుతాయని 2009 మే 26న కోర్టు తేల్చింది. ఆ తర్వాత ప్రజాభిప్రాయం ఎవరూ ఊహించనంత వేగంగా మారింది. 2011లో గ్యాలప్ సర్వేలో మొదటిసారి సమర్థకులు సగం దాటారు. 2012 మేలో ఒబామా తన అభిప్రాయం మార్చుకున్నారు. 2013 జూన్‌లో కాలిఫోర్నియాలో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. ప్రతిపాదన 8 ఎక్కించిన వాక్యం మాత్రం, అమలులో లేకపోయినా, కాలిఫోర్నియా రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది. 2024 నవంబర్‌లో 60 శాతానికి పైగా ఓటర్లు దాన్ని తొలగించారు.