ఐసీ మార్చే ముందు బేస్ చూడండి: అపోహలు, వాస్తవాలు

స్టెబిలైజర్ కావచ్చు, ఇన్వర్టర్ కావచ్చు, బోరు స్టార్టర్ పెట్టెలోని కార్డు కావచ్చు. రిపేరు బల్ల మీదికి బోర్డు ఒక్కటే రాదు, దాంతో పాటు తీర్పు కూడా వస్తుంది: "ఐసీ పోయిందన్నా. పోయిన నెల మారిస్తే బాగానే నడిచింది, మళ్లా అదే కత." ఆ ఐసీని (బోర్డు మీది నల్లటి చిప్‌ను) టెస్టర్‌లో పెడితే నిక్షేపంగా ఉంటుంది. అనంతపురం, కడప, కర్నూలు ఎక్కడైనా ఇదే వరస. కాబట్టి ముందుగా దీని సంగతే.

అపోహ: కొత్త ఐసీ వేయగానే బోర్డు పనిచేసిందంటే పాత ఐసీ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు పోయింది ఐసీ కాదు, దాని కింద ఉన్న బేస్, అంటే ఐసీ కాళ్లు దిగే సాకెట్. మామూలు బేస్‌లో ఐసీ కాలిని రెండు సన్నటి రేకులు చెరో వైపు నుంచి పట్టుకుని ఉంటాయి. రేకుల మీదా కాళ్ల మీదా సాధారణంగా ఉండేది తగరం పూత. మన ఎండలకు పెట్టె పగలంతా కాగుతుంది, రాత్రికి చల్లారుతుంది. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పడిన ప్రతిసారీ ప్యానెల్ అదురుతుంది. కాలూ రేకూ కంటికి కనపడనంతగా రాసుకుంటాయి, ఆ రాపిడికి పుట్టిన ఆక్సైడ్ మధ్యలో పొరలా పేరుకుంటుంది. పాత ఐసీ పీకి కొత్తది నొక్కితే ఆ పొర గీరుకుపోయి కాంటాక్టు తిరిగి వస్తుంది. పాతదాన్నే పీకి మళ్లీ నొక్కినా అదే జరిగేది! మెకానిక్ ఐసీ మార్చాడు, బోర్డు నడిచింది, పేరు మాత్రం ఐసీకి వచ్చింది. రేకుల పట్టు సడలిపోయే ఉంది కాబట్టి కొన్ని వారాలకు మళ్లీ అదే ఫాల్టు.

ఇందులో ఖర్చు ఐసీ ధర ఒక్కటే కాదు. మోటారు ఆగితే మండుటెండలో చీనీ చెట్లకు నీళ్లుండవు. స్టెబిలైజర్‌లో ఇంకా ప్రమాదం: వోల్టేజీని చూసే కాలు బేస్‌లో తేలిపోతే వోల్టేజీలను పోల్చి చూసే కంపారేటర్‌కు దిక్కు తెలియదు, తగ్గించాల్సిన చోట ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ పెంచే ట్యాప్‌కు (తీగకు) రిలే పడవచ్చు. అప్పుడు కాలేది ఫ్రిజ్ కంప్రెసర్. "మా ఇంట్లో ఏది పెట్టినా కాలిపోతోంది సార్" అని భయపడుతూ వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వాళ్ల తప్పేమీ లేదు. బేస్ చూడకుండా ఐసీ బిల్లు రాసినవాళ్లది తప్పు.

తేల్చుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది: కరెంటు తీసేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, అదే ఐసీని పీకి, కాళ్లను మామూలు పెన్సిల్ రబ్బరుతో తుడిచి, రెండు మూడుసార్లు పెట్టి తీసి మళ్లీ పెట్టండి. బోర్డు లేచిందా, అనుమానం బేస్ మీదే. కానీ దీన్ని రిపేరు అనుకుని పెట్టె మూయకండి, బేస్ మార్చాలి.

రెండోది ఇంకా గట్టిది. స్టెబిలైజర్‌లో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు మీద మెయిన్స్ ఉండొచ్చు. కాబట్టి మెయిన్స్ పూర్తిగా విడదీసి, బయటి నుంచి 12 వోల్టుల సప్లై ఇచ్చి చూడండి. కంపారేటర్‌గా వాడే ఎల్‌ఎం324 ఐసీ అనుకుందాం: 4వ కాలు సప్లై, 11వ కాలు గ్రౌండు. మల్టీమీటరును 200 మిల్లీవోల్టుల డీసీ రేంజిలో పెట్టి, ఒక ప్రోబ్ ఐసీ కాలి భుజం (కాలు కిందికి వంగే చోటు) మీద, రెండోది బోర్డు అడుగున అదే కాలి టంకం మీద ఆనించండి. మంచి బేస్‌లో కాంటాక్టు రెసిస్టెన్స్ 30 మిల్లీఓంల లోపే ఉంటుంది. 20 మిల్లీ యాంపులు పారుతున్నా ఒక మిల్లీవోల్టు కూడా రాదు. పది మిల్లీవోల్టులు చూపిస్తోందంటే, ప్లాస్టిక్ పుల్లతో ఐసీని నొక్కగానే అంకె ఎగిరి పడుతోందంటే, ఆ బేస్ పని అయిపోయింది.

కనెక్షన్ ఉందని మీటరు కొట్టే బీప్‌ను మాత్రం నమ్మొద్దు. చాలా మీటర్లు 30, 50 ఓంల దాకా బీప్ కొడతాయి. 0.03 ఓం ఉండాల్సిన చోట 20 ఓంలున్నా మీటరు కుయ్ అనే అంటుంది.

బేస్ మార్చేటప్పుడు ట్రాకులు (బోర్డు మీది రాగి గీతలు) లేచిపోవడం మామూలు. కారణం తొందర. పాత బేస్‌ను ఒక్క ఊపులో పీకొద్దు. ప్లాస్టిక్‌ను సైడ్ కట్టర్‌తో ముక్కలు చేసి తీసేస్తే పిన్నులు విడివిడిగా మిగులుతాయి. ఒక్కోదాన్నీ వేడి చేసి ట్వీజర్‌తో లాగి, రంధ్రాలను విక్‌తో (టంకం పీల్చే రాగి అల్లికతో) శుభ్రం చేయండి. కొత్త బేస్‌కు ముందు ఎదురెదురు మూలల్లో రెండు పిన్నులే టంకం పెట్టి, బోర్డుకు సమంగా ఆనిందో లేదో చూసి, మిగతావి పూర్తి చేయాలి. 350 డిగ్రీల ఐరన్, పిన్నుకు రెండు మూడు సెకన్లు. పేస్టు ఎక్కువైతే పైకి పాకి రేకుల మధ్య చేరుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. కొత్త ఐసీ కాళ్లు కాస్త బయటికి విచ్చుకుని ఉంటాయి, బల్లకు ఆనించి నిటారు చేసుకోండి. లేకపోతే ఒక కాలు కడుపు కిందికి మడిచిపోతుంది. పైనుంచి చూస్తే అన్నీ దిగినట్టే ఉంటుంది.

తాడిపత్రి, బేతంచెర్ల బండల పాలిష్ మిషన్ల ప్యానెళ్లలో ఇంకో చిక్కు ఉంది. తడిసిన రాతిపొడి కాళ్ల మధ్య పేరుకుపోతుంది. అలాంటి చోట రౌండు పిన్ను బేస్ (గుండ్రటి గొట్టాల్లాంటి పిన్నులున్నది) వేయండి, లేదా ఐసీని నేరుగా టంకం పెట్టేయండి. పైన లాకర్ (రక్షణ పూత) కొట్టేటట్టయితే బేస్‌ను టేపుతో కప్పాకే. లాకర్ రేకుల మధ్యకు దిగిందంటే కాంటాక్టు ఉండదు.

అపోహ: టంకం వేడికి ఐసీ చచ్చిపోతుంది, అందుకే ప్రతి ఐసీకీ బేస్ ఉండాలి.

వాస్తవం: మామూలు డిప్ ఐసీలు (రెండు వరసల కాళ్లున్నవి) టంకం దగ్గర 260 డిగ్రీలను పది సెకన్ల పాటు ఓర్చుకునేలాగే తయారవుతాయి. బేస్ కాపాడేది బోర్డును. 40 కాళ్ల ఐసీని గోధుమరంగు సింగిల్ సైడ్ బోర్డు నుంచి ఊడబీకితే ట్రాకులు వెంట వచ్చేస్తాయి, బేస్ ఉంటే ఆ బాధ లేదు. అంతేగానీ వేడెక్కే ఐసీకి బేస్ పెట్టడం చెరుపే. ప్రాజెక్టు పిల్లలు మోటారు తిప్పడానికి వాడే ఎల్293డి ఐసీ చూడండి. 4, 5, 12, 13 కాళ్లు గ్రౌండు మాత్రమే కాదు, లోపలి వేడి బోర్డు రాగిలోకి దిగే దారి కూడా. మధ్యలో సన్నటి రేకు వస్తే ఆ దారి ఇరుకవుతుంది. మోటారు లోడు మీద కాసేపు తిరిగి, థర్మల్ షట్‌డౌన్‌తో (వేడి మితిమీరితే తనంతట తానే) ఆగుతుంది, చల్లారాక మళ్లీ తిరుగుతుంది. కోడ్‌లో తప్పుందని రాత్రంతా వెతికేది అందుకే.

మైక్రోకంట్రోలర్‌కు బేస్ లేకపోతే ప్రోగ్రాం ఎక్కించలేమన్నది ఏటీ89సీ51 అనే పాత చిప్ కాలం మాట. ఏటీ89ఎస్52లో బోర్డు మీదే 6, 7, 8 కాళ్లు, రీసెట్ కాలు 9 ద్వారా ఎక్కించుకోవచ్చు. బేస్ పెడితే స్పీడు తగ్గుతుందనేది 16 మెగాహెర్ట్జ్ దగ్గర పట్టించుకోనక్కర్లేని మాట. బంగారు పూత బేస్ అయితే తుప్పే రాదా? తగరం కాళ్ల ఐసీ దిగితే అక్కడా ఆక్సైడ్ పేరుకుంటుంది. రౌండు పిన్నులో లాభం పూతది కాదు, పట్టుది.

మామూలు బేస్‌లో బెర్గ్ పిన్నులు (కనెక్టర్లలో వాడే చదరపు పిన్నులు) గుచ్చడం మానండి. ఆ పిన్ను 0.64 మిల్లీమీటర్లు, ఐసీ కాలి మందం 0.25. ఒక్కసారి విచ్చుకున్న రేకు మళ్లీ ఐసీ కాలిని గట్టిగా పట్టదు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు బేస్‌లోకి కొట్టేవాళ్లూ ఉన్నారు. ఆ నూనెకు దుమ్ము అంటుకుంటుంది. గరుకు కాగితంతో రుద్దితే పూతే పోతుంది.