సొంత ఇల్లే లేని కవి, తగలబడిన ఆయన ఇల్లు

2022 మే 6 రాత్రి. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో స్కోవొరొదినీవ్కా అనే పల్లె. అక్కడి పాత భవంతి పైకప్పును చీల్చుకుంటూ రష్యా క్షిపణి పడింది. మంటలు ఇల్లంతా అంటుకున్నాయి. రాత్రి కాపలా ఉన్న మనిషి గాయపడ్డాడు. ఆ భవంతి కవి, తత్త్వవేత్త హ్రిహోరీ స్కోవొరోదా స్మారక మ్యూజియం. ఆయన 300వ జయంతి కూడా ఆ ఏడాదే.

నిజానికి ఆ ఇల్లు ఆయనది కాదు. ఆయనకు ఇల్లంటూ ఎప్పుడూ లేదు.

1722లో పోల్తావా ప్రాంతంలోని చోర్నూఖీలో, కొసాక్కులనే యోధవర్గపు ఇంట పుట్టాడు. కీవ్‌లో చదివాడు. గొంతు బాగుందని పీటర్స్‌బర్గ్ రాజాస్థాన గాయకబృందంలోకి తీసుకున్నారు. అక్కడ నిలవలేదు. పెరెయాస్లవ్‌లో కవిత్వ పాఠాలు చెప్పబోతే, పాత పద్ధతిలో చెప్పడంలేదని బిషప్పు సాగనంపాడు. ఖార్కివ్‌లోనూ పైవాళ్లతో పొసగలేదు. 1769 తర్వాత ఇక కొలువు జోలికే పోలేదు. భుజాన సంచి, అందులో బైబిలు, తోడుగా ఒక వేణువు. పాతికేళ్లు ఊరూరా కాలినడకే. ఆదరించినవాళ్ల ఇంట కొన్నాళ్లు, మళ్లీ దారి. కవితలు బతికుండగా అచ్చు మొహం చూడలేదు. స్నేహితులే చేత్తో ఎత్తిరాసుకుని దాచుకున్నారు.

1794లో, అప్పట్లో పాన్-ఇవానీవ్కా అనే ఈ ఊళ్లోనే, కొవాలెవ్‌స్కీ అనే భూస్వామి ఇంట కన్నుమూశాడు. తన గొయ్యి తానే తవ్వుకున్నాడని చెప్పుకుంటారు. సమాధి మీద రాయమన్న మాట కూడా ఆయనదే: ‘లోకం నన్ను పట్టుకోబోయింది, పట్టుకోలేకపోయింది.’

పోయాక మాత్రం పట్టుకోవడానికి పోటీ మొదలైంది. రష్యన్లలో కొందరు ఆయన్ని తమ తొలి తత్త్వవేత్తగా లెక్కేసుకున్నారు. సోవియట్లు 1922లో ఊరికి ఆయన పేరు పెట్టి, 1972లో ఆ భవంతిని మ్యూజియం చేశారు. దైవగీతాలు రాసినవాణ్ణి పేదల పక్షపు పోరాటగాడిగా చూపించుకున్నారు. స్వతంత్ర ఉక్రెయిన్ 500 హ్రివ్నియాల నోటు మీదికి ఎక్కించింది. డబ్బంటే పట్టనివాడి బొమ్మ నోటు మీద! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

యుద్ధం మొదలయ్యాక విలువైన వస్తువుల్ని ముందే తరలించారు కాబట్టి అవి దక్కాయి. కాలిపోయింది ఆయన చివరి రోజులు గడిపిన పద్దెనిమిదో శతాబ్దపు ఇల్లు. తెల్లారి చూస్తే పైకప్పు లేదు, కిటికీలు లేవు. మసిబారిన గోడల మధ్య, ఇటుకల కుప్పలో స్కోవొరోదా విగ్రహం ఒక్కటే నిలబడి ఉంది.