ఫాల్ట్ ఎక్కడుందో ముందు వెతకండి

పిల్లలకు తాతయ్య దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ బాగున్నారని తలుస్తాను. సంక్రాంతి సెలవులకు మా మనవడు కోనసీమ వచ్చినప్పుడు జరిగిన సంగతి చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. వాడు ఒక రోజు పొద్దున్నే కంప్యూటర్‌లో 60 జీబీ గేమ్ డౌన్‌లోడ్ పెట్టాడు. రాత్రి భోజనాల వేళకు మూడో వంతు కూడా కాలేదు. "పల్లెటూళ్లో నెట్ ఇంతే తాతయ్యా" అన్నాడు. ఆ "ఇంతే" అన్న మాట నాకు కష్టంగా అనిపించింది. నేను ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ లైన్లు బాగుచేసినవాణ్ణి. కారణం తెలుసుకోకుండా ఏ లైనునూ వదిలిపెట్టలేదు.

మా రోజుల్లో ఎవరింట్లోనైనా ఫోన్ మూగబోతే, వెళ్లగానే వైర్లు పీకేవాళ్లం కాదు. మొదట స్తంభం మీద, ఇళ్లకు వైర్లు చీలే డీపీ బాక్స్ దగ్గర టెస్ట్ ఫోన్ పెట్టి వినేవాళ్లం. అక్కడ డయల్ టోన్ వస్తే ఫాల్ట్ ఇంటివైపు ఉన్నట్టు, రాకపోతే ఎక్స్ఛేంజ్ వైపు ఉన్నట్టు. ఒక్క పరీక్షతో సగం లైను వెతకక్కర్లేకుండా పోయేది. మీ నెట్ కూడా ఇలాంటి ముక్కలతోనే నడుస్తుంది. కంప్యూటర్, గదిలో వైఫై, రౌటర్, మేడ మీద టవర్ సిగ్నల్ అందుకునే రిసీవర్ డబ్బా, టవర్, టవర్ వెనకాల లైను, ఆ చివర గేమ్ ఉన్న సర్వర్. వీటిలో ఏ ఒక్కటి నెమ్మదించినా మీకు కనిపించేది ఒకటే, ముందుకు కదలని డౌన్‌లోడ్.

వెతకడానికి ముందు లెక్క సరిచూసుకోండి. నెట్ ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, గేములు కొని దించుకునే స్టీమ్ లాంటి చోట మామూలుగా కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి మా 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్లు) ప్లాన్‌లో అంతా సవ్యంగా ఉన్నా సెకనుకు 5 మెగాబైట్లే వస్తాయి. ఆ లెక్కన 60 జీబీకి మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. చాలామంది పిల్లలు ఆ 5 అంకెను చూసి మోసం జరిగిందనుకుంటారు. మోసమేమీ లేదు, కొలత వేరు. మావాడికి మాత్రం 5 కాదు, సగం మెగాబైటు కూడా సరిగా రావడం లేదు. అది నిజంగా ఫాల్టే.

మా డీపీ బాక్స్ పరీక్షనే ఇక్కడా చేశాం. కంప్యూటర్ తీసుకెళ్లి రౌటర్‌కు నేరుగా లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేస్తే 36 ఎంబీపీఎస్ వచ్చింది. తిరిగి గదిలోకి తెచ్చి వైఫై మీద చేస్తే 4. అంటే టవర్ తప్పు లేదు, నెట్ కంపెనీ తప్పు లేదు, రౌటర్‌కూ గదికీ మధ్యే ఏదో అడ్డు ఉంది. చూద్దుం కదా, ఎవరో రౌటర్‌ను ఇనుప బీరువా వెనక గూట్లో పెట్టారు. ఇనుము రేడియో తరంగాలను వెనక్కి కొట్టేస్తుంది. దానికి తోడు మాది పాతకాలం ఇల్లు, మూరెడు మందం గోడలు. రౌటర్‌ను హాల్లో ఎత్తుగా, నలుగురికీ కనబడే చోట పెడితే గదిలో 19 వచ్చింది. పదిహేను మీటర్ల కేబుల్ గుమ్మం పక్కనుంచి లాగితే పూర్తి వేగం వచ్చింది. పెద్ద గేమ్‌కు కేబుల్‌ను మించింది లేదని నా గట్టి నమ్మకం. కేబుల్ కుదరని ఇంట్లో ఒక్క సంగతి గుర్తుంచుకోండి. రౌటర్ ఇచ్చే రెండు వైఫైలలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది కానీ గోడలు అంత బాగా దాటలేదు, 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది కానీ నెమ్మది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే మొదటిది, దూరంగా ఉంటే రెండోది పెట్టుకోండి.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. రాత్రి ఎనిమిదింటికి కేబుల్ మీదే చూస్తే 11 వచ్చింది. మళ్లీ తెల్లవారుజామున అయిదింటికి చూస్తే 37. మా ఇంట్లో ఏమీ మారలేదు, మారింది గడియారం ఒక్కటే. ఇది కాలువ కింద వ్యవసాయం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. పైన అందరూ ఒకేసారి తూములు తెరిస్తే శివారు చేలకు నీళ్లు అందవు. టవర్ కూడా అంతే, దాని దగ్గరున్న వేగం ఇంతని ఉంటుంది. సాయంత్రం ఊరంతా సీరియళ్లు, క్రికెట్టు, వీడియోలు పెట్టాక అందరూ దాన్నే పంచుకోవాలి. నీళ్లు తక్కువైన దాళ్వాలో, అంటే రెండో పంటలో, మా దగ్గర వంతులు వేస్తారు. మీరూ వంతు వేసుకోండి. రాత్రి పడుకోబోయే ముందు డౌన్‌లోడ్ పెట్టి, కంప్యూటర్ మధ్యలో స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి. అప్‌డేట్లు ఏ గంటల్లో జరగాలో స్టీమ్‌లోనే చెప్పి పెట్టవచ్చు. మావాడి గేమ్ అలా ఒక్క రాత్రిలో పూర్తయింది.

చెట్ల సంగతి కూడా చెప్పాలి, కోనసీమలో అది లేకుండా ఉత్తరం పూర్తి కాదు. మేడ మీద డబ్బాకూ టవర్‌కూ మధ్య కొబ్బరి మట్టలు అడ్డొస్తే సిగ్నల్ తగ్గుతుంది. గాలికి మట్టలు ఊగుతుంటే వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మన 5జీ ఎక్కువగా నడిచే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర వాన చినుకులు పెద్దగా అడ్డు కావు, కానీ తడిసిన ఆకులు బాగా అడ్డుపడతాయి. ఆకులోని నీరు తరంగాన్ని పీల్చేస్తుంది. వాన వెలిసి, చెట్లు ఆరాక కూడా వేగం రాకపోతే డబ్బా గాలికి పక్కకు తిరిగిందేమో అనుమానించండి. అంతేగాని నెట్ కోసం పచ్చి మట్టలు కొట్టించమని అమ్మమ్మను అడగొద్దు. పచ్చి మట్ట పోతే కాపు తగ్గుతుంది. డబ్బా ఉన్న పైపును ఇంకో నాలుగడుగులు ఎత్తించమని నెట్ బిగించిన అబ్బాయిని అడగండి. మీరు మాత్రం పిట్టగోడ ఎక్కకండి. ఈ మాట నేను చాలా గట్టిగా చెబుతున్నాను.

ఇంట్లో ఫోన్లన్నీ ఫొటోలు, వీడియోలు పైకి పంపుతున్నాయేమో కూడా చూడండి. డౌన్‌లోడ్‌లో వచ్చే సమాచారానికి "అందింది" అని మీ కంప్యూటర్ తిరిగి కబురు పంపుతూ ఉండాలి. వైర్‌లెస్‌లో పైకి వెళ్లే దారి మామూలుగా సన్నగా ఉంటుంది. పెళ్లి వీడియోలతో అది నిండిపోతే ఆ కబుర్లు ఆలస్యమై డౌన్‌లోడ్ కూడా మందగిస్తుంది.

కొన్నిసార్లు నెట్‌కు అసలు సంబంధమే ఉండదు. గేమ్ ముక్కలు కుదించి వస్తాయి, వాటిని విప్పి డిస్క్ మీద రాయాలి. పాత హార్డ్ డిస్క్ ఆ పనికి ఆయాసపడుతుంది. స్టీమ్ డౌన్‌లోడ్ పేజీలో నెట్ గీత పడిపోయి డిస్క్ గీత నడుస్తుంటే అది రాసుకుంటోందని అర్థం. ఆపి మళ్లీ మొదలుపెట్టకండి, ఆగండి. డౌన్‌లోడ్ ప్రాంతం ఎక్కడో దూరదేశంలో ఉంటే చెన్నై, ముంబయి లాంటి దగ్గరి చోటుకు మార్చి చూడండి.

నెలకిచ్చిన డేటా అయిపోయిందేమో కూడా ప్లాన్ చూసి తెలుసుకోండి. చాలా మొబైల్ ప్లాన్లలో ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కు, అంటే సెకనుకు 64 కిలోబిట్లకు, పడిపోతుంది. ఆ వేగంతో 60 జీబీ రావాలంటే దాదాపు మూడు నెలలు కావాలి. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా ప్రయోజనం లేదు. పక్కింటి అన్నయ్య కంప్యూటర్‌లో అదే గేమ్ ఉంటే, దాన్ని తెచ్చి మీ రౌటర్‌కు కలపండి. 2023 నుంచి స్టీమ్‌లో ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి గేమ్ పంపుకునే వీలుంది. బయటి డేటా దాదాపు ఖర్చు కాదు.

అన్నీ చూశాక కూడా కేబుల్ మీద, తెల్లవారుజామునే వేగం రాకపోతే, అప్పుడు కంపెనీకి ఫోన్ చేయించండి. "నెట్ స్లో" అంటే వాళ్లకు ఏమీ తెలియదు. "ఫలానా తేదీన ఉదయం 5కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి కేబుల్ మీద ఇంత వచ్చింది" అని కాగితం చూసి చెప్పండి, ఫిర్యాదుకు డాకెట్ నంబరు అడిగి రాసుకోండి. ఫాల్ట్ చూడటానికి వెళ్లినప్పుడు ఇలా రాసిపెట్టిన ఇల్లు కనిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది, సగం పని వాళ్లే చేసిపెట్టేవారు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

వేసవి సెలవుల్లో వచ్చినప్పుడు మీ ఇళ్లలో తీసిన అంకెలు నాకు చూపించండి. మా కేబుల్ ఇంకా హాల్లోనే ఉంది, మీకోసం తీయకుండా ఉంచాను.

ఇట్లు,
మీ తాతయ్య